జెల్లలు మడి వదిలిన కథ

ఒకప్పుడు జెల్లకి జెల్ల పొడ గిట్టేది కాదు. ఇవాళ మీరు ఎవరింట్లో చేపల తొట్టి చూసినా, అడుగున జెల్లలు గుంపు కట్టి, ఒకదాన్నొకటి రాసుకుంటూ, పేరంటానికి బయల్దేరిన ఆడవాళ్లలా తిరుగుతూ ఉంటాయి. ఆ రోజుల్లో అలా లేదు. ఒక జెల్ల తూర్పుకి వెళితే ఇంకోటి పడమటికి వెళ్లేది. ఖర్మ కాలి ఎదురుపడితే రెండూ మొహాలు తిప్పుకునేవి.

జెల్లంటే మీకు తెలుసుగా. ఒంటికి పొలుసుండదు, మూతికి మీసాలుంటాయి. ఆడ జెల్లలకీ ఉంటాయి. నవ్వకండి, వాటికి ఆ మీసాలే బతుకు. కళ్లు పేరుకి ఉన్నాయి గానీ అడుగున ఆ మసకలో మూతి కిందున్నది వాటితో ఏం కనపడుతుంది? మీసం పెట్టి తడిమితేనే ఇది తిండి, ఇది రాయి, ఇది పక్కవాళ్ల తోక అని తెలిసేది.

ఆ కాలంలో రాజమండ్రిలో సీతారావమ్మగారని ఒక మామ్మగారు ఉండేవారు. మహా మడి మనిషి. ఆవిడ కోడలు భ్రమరాంబ ఆఫీసులో పని చేసేది. ఒకరోజు భ్రమరాంబ ఒక గాజు తొట్టినీ, నీళ్ల కవర్లలో కొన్ని చేపల్నీ కొనుక్కొచ్చి, హాల్లో వంటింటి గుమ్మానికి ఎదురుగా పెట్టింది.

మామ్మగారు వంటింటి గడప దాటకుండానే నిలబడి చూశారు.

"చేపలేమిటే ఇంట్లో? మన గుమ్మంలో ఏనాడైనా చేప అడుగు పెట్టిందా?"

"ఇవీ పెట్టవు అత్తయ్యగారూ. వీటికి కాళ్లుండవు," అంది భ్రమరాంబ.

మామ్మగారు "వండనంటే సరే," అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు. కానీ ఆ సాయంత్రమే తొట్టికి ఎదురుగా కుర్చీ వేయించుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. మర్నాడూ కూర్చున్నారు. ఇక ఆ కుర్చీ అక్కణ్నుంచి కదల్లేదు.

తొట్టిలో రెండు బంగారు చేపలు, నాలుగు జెల్లలు ఉండేవి. బంగారు చేపల సంగతి చెప్పడానికేం లేదు, నోరు తెరవడం, మూయడం, అంతే. జెల్లలు మాత్రం వచ్చిన రోజే తలా ఒక మూల పంచేసుకున్నాయి. తొట్టికి నాలుగు మూలలు ఉండడం వాటి అదృష్టం, లేకపోతే కొట్టుకు చచ్చేవి.

అందరిలోకీ పెద్దది పేరిందేవి. మీసం పొడుగు, నోరు అంతకంటే పొడుగు. దానికి ఎదురు మూలలో చుక్కమ్మ, ఒళ్లంతా చుక్కలు. ఎందుకు అని అడగందే చుక్కమ్మ దేనికీ తల ఊపదు. మూడో మూలలో బొండాం, వాడికి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. నాలుగో మూలలో సత్తెయ్య. ఎవరు ఏమన్నా "అంతే, అంతే" అనడమే సత్తెయ్య ఉద్యోగం.

పేరిందేవి మూల సరిగ్గా వంటింటికి ఎదురుగా ఉంది. అందుకని అది పొద్దస్తమానం గాజుకి మూతి ఆనించి మామ్మగారినే చూస్తూ ఉండేది. మామ్మగారు తెల్లారగట్లే స్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిబట్టని కర్రతో అందుకుని కట్టుకుంటారు. ఇక అక్కణ్నుంచి మొదలు. "తాకకే." "దూరం, దూరం." "ఆ గిన్నె అలా పెట్టి అటు జరుగు." పొరపాటున కోడలి చెంగు తగిలిందా, మళ్లీ స్నానం, మళ్లీ బట్ట, మళ్లీ చేతిలో నీళ్లు పోసుకుని ఆచమనం.

చూసి చూసి పేరిందేవికి కళ్లు చెదిరిపోయాయి. ఎంత దర్జా. ఆవిడ నడుస్తుంటే ఇల్లంతా తప్పుకుంటోంది. బతికితే అలా బతకాలి గానీ, దారిన పోయే ప్రతి జెల్లా వచ్చి మీద పడుతుంటే అదేం బతుకు అనుకుంది.

వెంటనే తన మూలలో నిలబడి మిగతా ముగ్గురినీ కేకేసింది.

"ఇవాళ్టి నుంచి మనమూ మడి పాటిస్తున్నాం. ఒకరి మూల గీత దాటి ఇంకొకరు రాకూడదు. ఒకరి మీసం ఒకరికి తగలకూడదు. ఒకరు మూతి పెట్టిన తిండి ఇంకొకరు ముట్టకూడదు."

"ఎందుకు వదినా?" అంది చుక్కమ్మ.

"ఎందుకేమిటి? ఎదురింటావిడ చేస్తోందిగా."

బొండాం ఆలోచించాడు. "పొరపాటున తగిలితే ఏం చేయాలండీ పిన్నిగారూ?"

"స్నానం చేయాలి."

"మనం పుట్టిన దగ్గర్నుంచీ స్నానంలోనే ఉన్నాం కదండీ."

పేరిందేవి ఈ సంగతి ఆలోచించలేదు. కాసేపు మీసం మెలేస్తూ నిలబడింది. ఆ మాత్రం దానికే దొరికిపోతే అది పేరిందేవి ఎందుకవుతుంది?

"నీళ్లలో ఉన్నవాళ్లకి నీళ్లతో శుద్ధేమిటిరా, బుద్ధి లేకపోతే సరి. తగిలినవాళ్లు సర్రున పైకి వెళ్లి, నీళ్లలోంచి మూతి బయట పెట్టి, ఒక్క గుటక గాలి పుచ్చుకుని రావాలి. అదే మన ఆచమనం."

"అంతే, అంతే," అన్నాడు సత్తెయ్య.

అలా తొట్టిలో మడి మొదలైంది. ఇక చూడాలి ఆ సంబరం. భ్రమరాంబ రోజూ సాయంత్రం తొట్టి మధ్యలో ఒక మేత బిళ్ల వేసేది. అది అడుగుకి చేరేది. ముందు ఎవరు తినాలి? పెద్దది కాబట్టి పేరిందేవి. కానీ పేరిందేవి మూతి పెట్టాక అది ఎంగిలి, మిగతావాళ్లు ముట్టకూడదు. పోనీ విరిచి పంచుకుందామంటే విరిచినవాడి మీసం తగులుతుంది. నలుగురూ నాలుగు మూలల్లోంచి ఈ విషయం మీద వాదించుకుంటూ ఉండగా బంగారు చేపలు నోరు తెరుచుకుని దిగొచ్చి సగం బిళ్ల లాగించేసేవి. వాటికి మడీ లేదు, సిగ్గూ లేదు.

మిగతా జెల్లలు పేరిందేవి చూస్తున్నంతసేపూ మడి పాటించి, చూడనప్పుడు దొరికింది తిని బతికాయి. పేరిందేవి మాత్రం నిజంగా పాటించింది. అక్కడే వచ్చింది చిక్కు.

దానికి రోజంతా అనుమానం. ఇందాక బంగారు చేప తోక ఊపింది, ఆ నీళ్లు తన మూలలోకి వచ్చి ఉంటాయి. బొండాం అటుగా చూశాడు, చూపు తగిలి ఉంటుంది. వెంటనే తన మూలంతా మీసాలతో తుడవడం మొదలుపెట్టేది. తుడిచిన చోటే మళ్లీ తుడిచేది. ఆ తొట్టి అడుగున ఉన్నవి రంగు రంగుల రాళ్లు, పగలగొట్టిన ముక్కలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ అంచులన్నీ పదును. వాటి మీద మీసాలతో అలా రుద్దీ రుద్దీ, రుద్దీ రుద్దీ, ఒకరోజు పొద్దున్న పేరిందేవి మీసం మెలేద్దామని చూస్తే మెలేయడానికి ఏమీ మిగల్లేదు. మూతి చుట్టూ నాలుగు మొండి మొదళ్లు ఉన్నాయి, అంతే.

పేరిందేవికి తల కొట్టేసినట్టయింది. ముందు నమ్మలేదు. గాజులో చూసుకుంది. తర్వాత గబుక్కున గోడవైపు తిరిగి, మిగతావాళ్లకి వీపు పెట్టి కూర్చుంది. మీసం లేని జెల్ల అంటే ఇక మొహం ఎవరికి చూపించాలి? అందులోనూ ఆ చుక్కమ్మకి తెలిసిందంటే రోజుకో ప్రశ్న వేసి చంపుతుంది.

సిగ్గు సంగతి అలా ఉంచండి, సాయంత్రానికి ఆకలి మొదలైంది. మేత బిళ్ల పడిన చప్పుడు వినిపించింది. అందరూ అటు తిరిగి ఉన్నారు కదా అని పేరిందేవి మెల్లగా బయల్దేరింది. ఎటు వెళ్లాలో తెలియలేదు. మీసం ఉంటే నీళ్లలో వాసన పట్టుకుని సూటిగా వెళ్లేది. ఇప్పుడు అంతా ఒకటే మసక. గుండ్రంగా ఏదో తగిలితే అమ్మయ్య అనుకుని నోట్లో వేసుకుంది. అది ఎర్ర రాయి.

అప్పుడే బొండాం అటు తిరిగాడు. "ఏం తింటున్నారండీ పిన్నిగారూ?"

పేరిందేవి రాయిని బుగ్గన పెట్టుకుని, "తినడమేమిటి, ఇవాళ నాకు ఏకాదశి. నోరు పట్టు తప్పకుండా రాయి పెట్టుకున్నాను," అంది.

బొండాం భక్తితో తోక మడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడూ ఏకాదశే అయింది. ఆ మర్నాడూ ఏకాదశే. "ఈ నెలంతా ఏకాదశులే పడ్డాయండీ," అని బొండాం సత్తెయ్యతో అంటే, సత్తెయ్య "అంతే, అంతే" అన్నాడు. పేరిందేవి కడుపులో ఎలుకలు పరిగెత్తడం కూడా మానేశాయి. ఒళ్లు తేలిపోయి, పక్క రెక్కలు వాలిపోయి, మూలలో ఒక పక్కకి ఒరిగి పడుకునేది. నోరు మాత్రం అప్పుడప్పుడు "దూరం, దూరం" అంటూ ఉండేది. దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరూ లేకపోయినా అనేది.

ఒక సాయంత్రం భ్రమరాంబ బిళ్ల వేస్తూ తొట్టిలోకి వంగి చూసింది.

"అత్తయ్యగారూ, ఈ మూలనున్న జెల్ల చూడండి. కదలడం లేదు. దీనికేదో జబ్బు తగిలినట్టుంది."

మామ్మగారు కళ్లజోడు సరిచేసుకున్నారు. "జబ్బేమిటే, జపం చేసుకుంటోందేమో."

"జపమా పాడా. దీన్నిలా ఉంచితే మిగతావాటికి అంటుకుంటుంది. రేపు పొద్దున్నే వలతో తీసి గోదాట్లో వదిలేస్తాను."

ఆ మాట గాజులోంచి అందరికీ వినిపించింది. పేరిందేవి ఇన్నాళ్లూ అందర్నీ తాకొద్దు, తాకొద్దు అంది. ఇప్పుడు దాన్నే ఎవరికీ తాకకుండా తీసి పారేస్తారట. ఏడుద్దామంటే నీళ్లలో ఏడుపు ఎవరికి కనపడుతుంది?

బంగారు చేపలకి ఇలాంటి కబుర్లంటే ప్రాణం. "గోదావరిలో వాలుగలు ఉంటాయట, మంచమంత," అంది ఒకటి.

"వాలుగ మాకు మేనమామ వరస," అన్నాడు బొండాం గర్వంగా.

"మేనమామే. ముందు కుశలం అడుగుతాడు, తర్వాత మింగుతాడు," అంది రెండో బంగారు చేప.

బొండాం గర్వం దిగిపోయింది. కాసేపటికి ఎదురు మూలలోంచి చుక్కమ్మ కదిలింది. గీత దాటింది, తొట్టి మధ్యకి వచ్చింది, నేరుగా పేరిందేవి మూల దాకా వచ్చేసింది.

"దూరం," అంది పేరిందేవి నీరసంగా, గోడవైపు తిరిగే ఉండి.

"ఎందుకు వదినా?"

"ఎందుకంటే నేను మడిలో ఉన్నాను."

"నువ్వు మడిలో లేవు, చావులో ఉన్నావు. ఇటు తిరుగు ఒకసారి."

"తిరగను."

"తిరగకపోతే నేనే అటు వస్తాను," అని చుక్కమ్మ పేరిందేవికీ గాజుకీ మధ్య ఉన్న సందులోకి దూరింది. దూరి చూసింది. పేరిందేవి ఇక చుక్కమ్మ నవ్వు కోసం ఎదురుచూస్తూ కళ్లు దించుకుంది. ఆ నవ్వు రాలేదు.

"మీసాలేవి?" అంది చుక్కమ్మ మెల్లగా.

"పోయాయి."

"ఎప్పుడు?"

"మొదటి ఏకాదశి నాడు."

చుక్కమ్మ ఎందుకు అని అడగని మొదటి సంగతి అదే. పేరిందేవికి ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. "నాకు తిండి కనపడటం లేదు చుక్కమ్మా. రాళ్లు తింటున్నాను. రాళ్లలో కూడా ఏది ఏదో తెలియడం లేదు. రేపు వాలుగ నోట్లో పడేదాకా నా మానాన నన్ను వదిలెయ్," అంది.

"వదిలేయడానికా ఇంత దూరం వచ్చాను? నా మూలలో నిన్నటి బిళ్ల ముక్క దాచుకున్నాను. పద, నా మీసం నీ డొక్కకి ఆనిస్తాను. నేను ఎటు నొక్కితే అటు రా."

"అయ్యో, మీసం తగులుతుంది."

"తగులుతుంది."

"ఆ ముక్క నువ్వు మూతి పెట్టిందా?"

"పెట్టిందే. నా ఎంగిలే. తింటావా, గోదాట్లోకి వెళతావా?"

పేరిందేవి ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది, మడి మనిషి కదా. గాజులోంచి వంటింటివైపు చూసింది. మామ్మగారు అటు తిరిగి పప్పు పోపు పెట్టుకుంటున్నారు.

"ఆవిడ చూడకముందే కానియ్యి," అంది పేరిందేవి.

చుక్కమ్మ మీసం డొక్కకి తగలగానే పేరిందేవి ఒళ్లంతా ఝల్లుమంది. ఇన్నాళ్లలో దాన్ని ఎవరూ తాకలేదు మరి. మెత్తగా, చల్లగా ఉంది ఆ మీసం. ఇటు నొక్కితే ఇటు, అటు నొక్కితే అటు తిరుగుతూ, రాళ్లు దాటుకుంటూ, అలంకారానికి పెట్టిన ప్లాస్టిక్ వంతెన కింద నుంచి ఇద్దరూ ఎదురు మూలకి చేరారు. పేరిందేవి మూతి ముందుకి చుక్కమ్మ ముక్కని నెట్టింది. పేరిందేవి కొరికింది, నమిలింది, మింగింది. ప్రాణం లేచొచ్చింది.

"ఎలా ఉంది వదినా?"

"నానిపోయింది," అంది పేరిందేవి. అని మిగతాది కూడా తినేసింది.

అయితే తిండి తిన్నంత మాత్రాన గండం గడవలేదు. పొద్దున్నే వల వస్తుంది. పేరిందేవికి కాస్త కదిలే ఓపిక వచ్చింది గానీ, ఒంటరిగా ఈదితే గోడలకి గుద్దుకుంటూ పోతుంది. అది చూస్తే భ్రమరాంబకి అనుమానం తీరిపోతుంది. చుక్కమ్మ బొండాన్నీ, సత్తెయ్యనీ పిలిచి సంగతంతా చెప్పింది.

బొండాం అంతా విని, "మేం ఏం చేయాలి?" అన్నాడు.

"వదినని మధ్యలో పెట్టుకుని చుట్టూ చేరాలి. మూడు వైపులా మీసాలు ఆనించాలి. ఒక జెల్ల తిరిగితే అందరం తిరగాలి. అప్పుడు ఏది గుడ్డిగా ఈదుతోందో ఎవరికి తెలుస్తుంది?"

"తగలమంటారా వద్దంటారా, పిన్నిగారు ముందే చెప్పాలి. తర్వాత తిట్టకూడదు," అన్నాడు బొండాం.

పేరిందేవి నేలవైపు చూస్తూ, "తగలరా నాయనా," అంది. ఆ మాట అనడానికి దానికి ఎంత కష్టమైందో చుక్కమ్మ ఒక్కదానికే తెలుసు.

"అంతే, అంతే," అన్నాడు సత్తెయ్య.

తెల్లారింది. భ్రమరాంబ పిడి ఉన్న చిన్న వల పట్టుకుని వచ్చింది. మామ్మగారు స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, దూరంగా నిలబడి చూస్తున్నారు. వల నీళ్లలోకి దిగింది, నేరుగా పేరిందేవి మూలకి వెళ్లింది. మూల ఖాళీగా ఉంది.

"ఏదీ ఆ జబ్బు జెల్ల?"

తొట్టి మధ్యలో నాలుగు జెల్లలూ ఒక్క ముద్దగా తిరుగుతున్నాయి. వల ఎడమకి వస్తే నాలుగూ కుడికి, వల కుడికి వస్తే నాలుగూ ఎడమకి. ఆ కల్లోలంలో పేరిందేవికి ఏమీ కనపడటం లేదు. కానీ ఎడమ డొక్క మీద చుక్కమ్మ, కుడి డొక్క మీద బొండాం, తోక దగ్గర సత్తెయ్య తెలుస్తూనే ఉన్నారు. వల ఒకసారి మూతికి తగిలినంత దగ్గరగా వచ్చింది. బొండాం భయపడి ఎక్కడికో పారిపోతాడేమో అనుకుంది. వాడు మరింత గట్టిగా ఆనుకున్నాడు.

ఇంతలో పేరిందేవికి పాత అలవాటు గుర్తొచ్చింది. ముగ్గురి మీసాలు ఒంటి మీద ఉన్నాయి. మైల. ఇక ఆగలేకపోయింది. సర్రున పైకి లేచింది. దాన్ని ఆనుకుని ఉన్న ముగ్గురూ దాంతోపాటే లేచారు. నలుగురూ ఒకేసారి నీళ్లలోంచి మూతులు బయట పెట్టి, ఒకేసారి గుటకేసి, ఒకేసారి కిందికి దిగారు.

భ్రమరాంబ చేతిలో వల అలాగే ఉండిపోయింది. "అత్తయ్యగారూ, ఇది చూశారా? అన్నీ హుషారుగానే ఉన్నాయి. నిన్నటిది ఏదో నాకే తెలియడం లేదు."

తేల్చుకుందామని తొట్టికి మొహం ఆనించి ఒక్కొక్క జెల్లనే చూసింది. అప్పుడు కనపడింది ఒకదానికి మీసాలు అరిగిపోయి ఉండడం. ఇవెలా అరిగాయి అనుకుంటూ నీళ్లలో చెయ్యి పెట్టి అడుగు తడిమింది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలు గీరుకుపోయి రక్తం వచ్చింది.

"జబ్బూ కాదు, ఏమీ కాదు. నేను వేసిన రాళ్లే దీని కొంప తీశాయి," అని భ్రమరాంబ నొచ్చుకుంది. వల తీసుకెళ్లి అటక మీద పారేసింది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బకెట్టుతో గోదావరి ఇసక తెచ్చి, కడిగి కడిగి, రాళ్లన్నీ తీసేసి ఆ ఇసక పరిచింది. మెత్తని ఇసక. జెల్లలు మూతులు దూర్చి చూసి ఒకటే మురిసిపోయాయి.

మామ్మగారు మాత్రం కుర్చీలో కూర్చుని పెదవి విరిచారు. "ఇవేం జెల్లలే తల్లీ, ఒకదాని మీద ఒకటి పడి తిరుగుతున్నాయి. నిన్న ఆ మూలన ఒకటి ఎంత నిష్ఠగా ఉండేది. అదీ చెడిపోయింది."

పేరిందేవికి ఆ మాట చురుక్కుమంది. తన గురువుగారి నోటి నుంచి అంత మాట. కానీ అదే సమయానికి చుక్కమ్మ మేత బిళ్ల దగ్గరికి లాక్కుపోతోంది, బాధపడే తీరిక దొరకలేదు.

అలా రోజులు గడిచాయి. పేరిందేవి ఎక్కడికి వెళ్లినా పక్కన చుక్కమ్మ, వెనక మిగతా ఇద్దరూ. ఇసకలో రాపిడి లేదు, కడుపుకి తిండి ఉంది. మొండి మొదళ్లలోంచి మీసాలు మళ్లీ మొలిచాయి. ముందు పిల్ల మీసాలు, తర్వాత మామూలు మీసాలు. ఒకరోజు పేరిందేవి మెలేసి చూసుకుంటే మెలితిరిగాయి. ఆ రోజు అది చేసిన హడావిడికి బంగారు చేపలు కూడా నోరు మూసుకుని చూశాయి.

చుక్కమ్మ కూడా చూసింది. చూసి, "ఇక నీకు నాతో పనేముంది వదినా," అని నవ్వి, తన మూలకి వెళ్లిపోయింది. బొండాం తన మూలకి వెళ్లాడు. సత్తెయ్య తన మూలకి వెళ్లాడు. పేరిందేవి మూల దానికి దక్కింది.

చక్కగా ఉంది ఆ మూల. మెత్తని ఇసక, ఎవరూ లేరు, ఎవరూ తగలరు. వంటింట్లో మామ్మగారు కూడా కనపడుతున్నారు. సాయంత్రం మేత బిళ్ల సరిగ్గా పేరిందేవి ముందే పడింది. కొత్త మీసంతో తడిమింది. తాజా బిళ్ల, మంచి వాసన. మొట్టమొదటిసారి ఎవరి సాయమూ లేకుండా దానంతట అదే కనుక్కున్న తిండి.

నోట్లో పెట్టుకుంది. కింద పెట్టింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ కింద పెట్టింది. ఎడమ డొక్క మీద చల్లగా ఏమీ తగలడం లేదు. పదేపదే అటు తిరిగి చూస్తోంది.

చివరికి పేరిందేవి బిళ్ల పట్టుకుని లేచి, తొట్టి మధ్యకి వచ్చి, గీత దాటి, ఎదురు మూలకి వెళ్లింది. చుక్కమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"మీసాలు వచ్చాయిగా వదినా? మళ్లీ ఎందుకు వచ్చావు?"

"ఎందుకు ఎందుకు అని ఎన్నిసార్లు అడుగుతావే?" అని పేరిందేవి విసుక్కుంది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు పక్కన లేకపోతే గొంతు దిగడం లేదు. జరుగు," అంది.

చుక్కమ్మ జరిగింది. పేరిందేవి బిళ్లని మధ్యలో పెట్టి, తన కొత్త మీసాన్ని తనే చాచి చుక్కమ్మ డొక్కకి ఆనించింది. ఎవరూ ఆనించమని అడగలేదు. వాసన పట్టి బొండాం వచ్చాడు, బొండాన్ని చూసి సత్తెయ్య వచ్చాడు. నలుగురూ ఒకే బిళ్లని నాలుగు వైపుల నుంచి తిన్నారు. తిన్నాక మిగతా మూడు మూలలూ ఖాళీగానే ఉండిపోయాయి.

ఆ జెల్లలు పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లల్ని భ్రమరాంబ నీళ్ల కవర్లలో పోసి ఇరుగువాళ్లకీ, పొరుగువాళ్లకీ, ఆఫీసులో వాళ్లకీ పంచింది. వాళ్లు మళ్లీ ఇంకొకళ్లకి పంచారు. వెళ్లిన చోటల్లా ఆ పిల్లలు పెద్దవాళ్ల దగ్గర చూసిందే చేశాయి.

అప్పటినుంచే ఇళ్లలో ఉండే చేపల తొట్టిలో జెల్లలు గుంపుగా తిరుగుతాయి, ఒకదాని డొక్కని ఒకటి మీసంతో తడుముకుంటాయి. ముచ్చటపడి ఒకే ఒక్క జెల్లని తెచ్చి తొట్టిలో వేశారనుకోండి, అది మూలకి చేరి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఎంత మంచి మేత వేసినా, పక్కన ఇంకో మీసం తగిలేదాకా ముట్టదు.